జ్వరమునకు సాక్ష్యమెవ్వరు?

తూప్రానునుండి రహదారివెంట దక్షిణముగా గంటసేపు పోయినచో సికింద్రాబాదు చేరవచ్చును. దూరము స్వల్పమే. కాని జ్వరమునకు కారణమేమని యడిగినప్పుడు మెదకుసీమ పల్లెలు పలుమారు చెప్పిన యుత్తరమునకును, 1897లో సికింద్రాబాదున దొరకిన యుత్తరమునకును పొత్తులేదు.

ఇంట నొకరికి జ్వరము దిగకున్నచో బాణామతి యనుట, దిక్కులేని పొరుగువారిని వేలుపెట్టి చూపుట, మంత్రము పలుకకుండ పండ్లూడగొట్టుట ఈ సీమలో జరిగిన ఘోరములే. ఇట్టి దాడుల వార్తలు నేటికిని పూర్తిగ నాగలేదు. కొట్టినవారు కన్నులార చూచితిమందురు. ఏమి చూచిరి? రోగి మూలుగుట చూచిరి. పొరుగుముసలమ్మ వాకిట నడచుట చూచిరి. ఆ రెంటిని ముడివేయు సంబంధమును మాత్రమెవ్వరును చూడలేదు.

ప్రత్యక్షమొక్కటే ప్రమాణమని చార్వాకులు. నైయాయికులు అనుమానమును నంగీకరించిరిగాని యూరక కాదు. పొగనుబట్టి నిప్పున్నదనుటకు, పొగయున్నచోటనెల్ల నిప్పుండుటయు, నిప్పులేనిచోట పొగలేకుండుటయు ముందు చూచియుండవలెను. శబ్దమును ప్రమాణమే, పలుకువాడు ఆప్తుడైనప్పుడు. తాయెత్తునకు వెలగట్టు భూతవైద్యు డాప్తుడా? సాక్ష్యమడుగుట పడమటినుండి దిగుమతియైన సరకని తలచువారు మన తర్కశాస్త్రమును తెరచియైన చూడలేదు.

చలిజ్వరము చెడుగాలివలన వచ్చునని లోకము చిరకాలము నమ్మెను. మలేరియా యను మాటకే యాయర్థము. దోమపై సందేహమును లండనులోని మాన్సన్ పండితుడు వెలిబుచ్చెను. సైనికవైద్యుడగు రోనాల్డ్ రాస్ ఆ సందేహమును జ్ఞానమని చాటలేదు. 1895నుండి దోమలను కోసి సూక్ష్మదర్శినితో వెదకెను. బూడిదరంగు దోమలలో లేదు, చారలదోమలలో లేదు. లేదనియే యొప్పుకొనెను. 1897 ఆగస్టులో మచ్చలరెక్కల దోమలు దొరకగా, వానిచే హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టించెను. ఆ రోగికి దోమకొక యణా ముట్టినది. రాసునకు 1902లో నోబెల్ బహుమానము ముట్టినది! ఆగస్టు 20న దోమ జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులుగల కణములు కానవచ్చెను. అయినను సగమే తెలిసినది. దోమకాటుచే వ్యాధి సోకుటను 1898లో కలకత్తాలో పక్షులయందు రాసును, పిదప మనుష్యులయందు ఇటలీ శాస్త్రజ్ఞులును నిరూపించిరి.

దోమపై నేరము స్థాపించుటకు మూడేండ్లు పట్టెను. ముసలమ్మపై స్థాపించుటకు మన పల్లెలలో నొకరాత్రి చాలినది. ఆ రాత్రి పంచాయితీకి పిలువబడు భూస్వాములు, పెద్దలు, మొదట రోగిని తూప్రాను ప్రభుత్వవైద్యశాలకు పంపవలెను. వ్రేలికొన నెత్తురుచుక్కను గాజుపలకపై పరీక్షించుటకు జాముసేపు చాలును. అంతదనుక ఆ ముసలమ్మ వాకిటికి కావలి పెట్టవలెను.