బట్టీ పిల్లల పేరు ఏ రిజిస్టరులో?

గుడివాడ మాగాణుల నుంచి బందరు తీరం, దివిసీమ లంకల దాకా పరచుకున్న కృష్ణా డెల్టా దిగువ భాగానికి ఏటా బతుకుతెరువు కోసం వచ్చిపోయే కుటుంబాలు ఒక్క రకానివి కావు. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల కూలీలు తమ నువాఖాయి పండుగ వెళ్ళాక మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, నవంబరు, డిసెంబరు నెలల్లో ఇటుక బట్టీలకు చేరుకుని, తొలకరికి ముందు తిరిగి వెళ్ళిపోతారు. నందివాడ వైపు చేపల చెరువుల కాపలాకు వచ్చినవారు గట్ల మీదే గుడిసె వేసుకుని ఉంటారు; బాతుల పెంపకందారులు కోతలు అయిన చేల వెంట ఊరూరూ తిరుగుతారు; దివిసీమలో పీతలు, చేపల వేట మీద బతికే యానాది కుటుంబాలు సొంత జిల్లాలోనే ఉంటూ కూడా మడ అడవుల పాయల వెంట వారాల తరబడి మకాం మారుస్తుంటాయి. ఈ పిల్లలందరికీ చదువుకునే హక్కు ఉందని చట్టం ఎప్పుడో తేల్చేసింది. అది నిలబడేదీ జారిపోయేదీ మాత్రం బడి ఆఫీసు గదిలో, ప్రవేశాల రిజిస్టరు దగ్గర.

2002లో 86వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 21ఎ అధికరణం 6 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. దాన్ని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2009లో రూపొంది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ చట్టం వలస కుటుంబాలను పేరు పెట్టి ప్రస్తావించిందన్న సంగతి ఉపాధ్యాయుల్లోనే చాలామంది దృష్టికి రాలేదు. వలస కుటుంబాల పిల్లలకు బడిలో ప్రవేశం దక్కేలా చూడవలసిన బాధ్యతను 9వ సెక్షను స్థానిక సంస్థ మీద, అంటే పంచాయతీ, మునిసిపాలిటీ వంటి వాటి మీద పెట్టింది. ఏ కారణం చేతనైనా, రాష్ట్రం దాటి అయినా సరే, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల మధ్య మారే హక్కును 5వ సెక్షను ఇచ్చింది. పాత బడి ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి, ఆలస్యం చేస్తే క్రమశిక్షణ చర్య ఉంటుంది, కానీ ఆ కాగితం రాలేదన్న సాకుతో కొత్త బడి బిడ్డను వెనక్కి పంపడానికి వీల్లేదు. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడాన్ని 14వ సెక్షను, ప్రవేశాల గడువు దాటిందని చేర్చుకోకపోవడాన్ని 15వ సెక్షను నిషేధించాయి. మధ్యలో చదువు ఆగిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, తోటివారిని అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షను చెబుతుంది.

ఇంత స్పష్టంగా ఉన్న చట్టం బట్టీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు సడలిపోతుందో తెలియాలంటే అక్కడి పని తీరు చూడాలి. కూలి రోజుకు ఇంతని కాక వెయ్యి ఇటుకలకు ఇంతని లెక్క. కుటుంబం మొత్తం ఒక జట్టు. కోసిన పచ్చి ఇటుక ఒక వైపు ఆరగానే రెండో వైపుకు తిప్పాలి; దగ్గర దగ్గరగా పేర్చిన ఆ వరుసల మధ్య పెద్దవారు అడుగు వేస్తే అంచులు విరుగుతాయి, కాబట్టి ఆ పని తేలికగా నడిచే పిల్లల చేతికి వస్తుంది. బిడ్డను బడికి పంపితే తీర్చవలసిన అడ్వాన్సు అంత నెమ్మదిగా తీరుతుంది. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని తేలిగ్గా అనేసేవారు ఈ లెక్కను చూడరు.

రాకపోకల కాలం మరో చిక్కు. జూన్‌లో మొదలైన విద్యాసంవత్సరం సగం గడిచాక పిల్లలు డెల్టాకు వస్తారు. ఏప్రిల్ చివర బడులు మూతపడి జూన్ 12న తెరుచుకునే లోపు వెళ్ళిపోతారు. అక్కడి బడిలో వరుసగా గైర్హాజరు, ఇక్కడి బడిలో పేరే లేదు. రెండు రాష్ట్రాల రిజిస్టర్ల మధ్య ఆ బిడ్డ ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది. ఇందుకు బడి చేయగల పని చిన్నదే. వచ్చిన రోజునే పేరు రాసుకోవాలి, వెళ్ళే ముందు హాజరు, చదివిన పాఠాల వివరాలతో రికార్డు షీటు, అంటే ప్రాథమిక తరగతులకు టీసీ స్థానంలో ఇచ్చే పత్రం, తల్లి చేతికి ఇవ్వాలి. బట్టీ వారు ఎప్పుడు బయలుదేరేదీ ముందుగా చెప్పరు కాబట్టి ఆ షీటు ఏప్రిల్ మధ్యకల్లా సిద్ధం చేసి ఉంచడం మేలు.

ఆధార్ గొడవ విడిగా చెప్పుకోవాలి. పేరు చేర్చాలంటే ఆధార్ అడగడం అలవాటైన కంప్యూటరు కాలంలో, ఆ నంబరు లేని బిడ్డను "తర్వాత రండి" అని పంపేయడం సులువు. బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. 6 నుంచి 14 ఏళ్ళ వారి చదువు ప్రభుత్వం దయతో ఇచ్చే రాయితీ కాదన్నది అందుకు కారణం. తల్లికి వందనం వంటి రాష్ట్ర పథకాల సొమ్ము ఒడిశా కుటుంబానికి రాకపోవచ్చు. పథకానికి అర్హత వేరు, బడిలో చోటు వేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే పిల్లలు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. మధ్యాహ్న భోజనమైతే 2013 ఆహార భద్రతా చట్టం కింద బడిలో ఉన్న బిడ్డకు చట్టబద్ధమైన హక్కే.

పేరు రాసుకున్నాక ఎదురయ్యేది భాష. బోధన సాధ్యమైనంత వరకు మాతృభాషలో సాగాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అందుకు తగిన వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నాయి. డెల్టాలో ఒడియా పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకు జవాబు రాష్ట్రంలోనే ఉంది: శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం ప్రాంతంలో ఒడియా మాధ్యమం బడులు చాలాకాలంగా నడుస్తున్నాయి, వాటి కోసం పాఠ్యపుస్తకాలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే తెస్తోంది. వాటిలో కొన్ని ప్రతులను బట్టీలున్న మండలాలకు పంపడం పెద్ద ఖర్చు కాదు. అయితే బలంగీర్ వైపు ఇళ్ళల్లో మాట్లాడేది సంబల్‌పురి. పుస్తకంలోని ఒడియాకూ దానికీ ఉన్న దూరాన్ని పూడ్చడానికి ఆ బట్టీలోనే ఎంతో కొంత చదువుకున్న యువతి ఒకరిని సహాయకురాలిగా పెట్టుకోవడం అవసరం.

ఇది ఊహాలోకపు సలహా ఏమీ కాదు. తెలంగాణలో రాచకొండ పోలీస్ కమిషనరేట్ 2017లో, మహేష్ భగవత్ కమిషనర్‌గా ఉన్నప్పుడు, ఇటుక బట్టీల దగ్గరే బడులు పెట్టించి ఒడియా వచ్చిన వారితో చెప్పించింది. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో పద్ధతి వేరు: పెద్దవారు గుంటూరు మిరప కోతలకు వెళ్ళే కాలంలో పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకునేలా సమగ్ర శిక్ష సీజనల్ హాస్టళ్ళు నడిపింది. బట్టీ దగ్గర పెట్టే బడికి ఒక ప్రమాదం ఉంది. అది పిల్లలను ఊరి బడి నుంచి వేరుచేసి ఉంచే పాకగా మిగిలిపోకూడదు. వారి పేర్లు ఊరి బడి రిజిస్టరులోనే ఉండాలి.

కుటుంబం గురించి తెలిసిన వివరాలను దాచడం కూడా బడి బాధ్యతే. ఈ విషయంలో అమెరికా అనుభవం డెల్టా పాఠకులకు దగ్గరిదే, ఎందుకంటే గుడివాడ, ఉయ్యూరు పరిసరాల ఎన్నో ఇళ్ళ మనవలు టెక్సాస్, న్యూజెర్సీ బడుల్లో చదువుతున్నారు. అనుమతి లేకుండా వచ్చిన కుటుంబాల పిల్లలకు ఉచిత చదువు నిరాకరించిన టెక్సాస్ చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1982 జూన్ 15న, ప్లైలర్ వర్సెస్ డో కేసులో, 5–4 ఆధిక్యంతో కొట్టివేసింది. బడి నివాసానికి, వయసుకు ఆధారం అడగవచ్చు కానీ, వీసా స్థితిని బట్టి బిడ్డను కాదనలేదు; 1974 నాటి విద్యా గోప్యత చట్టం ప్రకారం తల్లిదండ్రుల అనుమతి గాని కోర్టు ఉత్తర్వు గాని లేకుండా పిల్లల రికార్డులను సాధారణంగా బయటికి ఇవ్వకూడదు. బడి ఆవరణల్లో వలస తనిఖీలకు అడ్డుగా ఉన్న మార్గదర్శకాలను అమెరికా ప్రభుత్వం 2025 జనవరిలో ఎత్తివేశాక ఈ గోప్యత విలువ మరింత పెరిగింది. మన దగ్గర సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 28న రోహింగ్యా పిల్లల విషయంలో, ముందు ప్రభుత్వ బడులను ఆశ్రయించాలని, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్ళవచ్చని సూచించింది. డెల్టా బడికి ఈ గోప్యత నేర్పే పాఠం ఒకటే: అడ్వాన్సు ఎంత, ఎవరికి బాకీ, ఎప్పుడు పారిపోవాలనుకుంటున్నారు వంటి మాటలు బిడ్డ నోట వింటే అవి మేస్త్రి చెవినో యజమాని చెవినో పడకూడదు, నిర్బంధమో హింసో ఉందని తోస్తే 1098కి ఫోను చేయాలి.

తల్లిదండ్రుల మాటకు బడిలో చోటు ఇవ్వడం అన్నిటికన్నా కష్టమైన పని. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మహిళలు ఉండాలని 21వ సెక్షను నిర్దేశించినా, ఆరేడు నెలలుండి పోయే తల్లి ఎన్నికలో నిలబడలేదు. ఆమెను ఆహ్వానితురాలిగా పిలవవచ్చు, సమావేశాన్ని ఒకసారి బట్టీ దగ్గరే పెట్టవచ్చు, పని ఆగే వేళను అడిగి తెలుసుకోవచ్చు. ఇవేవీ జీవో వచ్చేదాకా ఆగవలసినవి కావు.

బడి చేర్చుకోకపోతే 32వ సెక్షను కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. తల్లిదండ్రులే చేయాలన్న నియమం లేదు, ఆ ఊరి వారెవరైనా ఇవ్వవచ్చు. నిర్ణయం మూడు నెలల్లో రావాలి, నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. బట్టీ కాలం ఆరేడు నెలలే కాబట్టి ఫిబ్రవరిలో ఇచ్చిన ఫిర్యాదుకు జవాబు వచ్చేసరికి బిడ్డ రైలెక్కి ఉంటుంది. ఆ కాగితం డిసెంబరులోనే పడాలి.