పెదవి ఆగాక మాట వినిపిస్తే: రికార్డింగులో టైమ్‌కోడ్ సంగతి

మాచ్‌ఖండ్ ప్రాజెక్టు పనుల కోసం వచ్చి లమ్తపుట్ చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాల పెద్దల మాటలు రికార్డు చేసి దాచాలని మన సంఘం మొదలుపెట్టింది. 1955లో అక్కడ కరెంటు తయారీ మొదలైన నాటి సంగతులు స్వయంగా చూసి చెప్పగలవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. తప్పు జరిగితే మళ్లీ చెప్పించుకునే అవకాశం ఉంటుందన్న నమ్మకం లేదు.

మొదట ఒక మామ్మగారి దగ్గర కూర్చున్నాం. కెమెరా మైకులో ఫ్యాను రొదే ఎక్కువ, అందుకని ఆవిడ కొంగుకు చిన్న మైకు పెట్టి మాటను వేరే రికార్డరులో తీసుకున్నాం. తర్వాత రెండూ కలిపి చూస్తే మొదట్లో చక్కగా ఉంది. గంట దాటేసరికి ఆవిడ పెదవులు ఆగాక మాట వినిపిస్తోంది! లెక్క చూస్తే 8 ఫ్రేముల తేడా, అంటే సెకనులో దాదాపు మూడోవంతు.

పాడైనది ఏ యంత్రమూ కాదు. రికార్డరు సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలుస్తుంది, కెమెరా 25 బొమ్మలు తీస్తుంది. ఎవరి సెకను వారిది, ఎవరి లోపలి గడియారం వారిది. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 0.18 సెకను, అంటే నాలుగున్నర ఫ్రేములు. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ నడిస్తే అది రెట్టింపు.

టైమ్‌కోడ్ అంటే ప్రతి ఫ్రేముకూ వేసే చిరునామా: గంట, నిమిషం, సెకను, ఫ్రేము. 10:32:15:08 అంటే పది గంటల ముప్పైరెండు నిమిషాల పదిహేను సెకన్ల దగ్గర 08 నంబరు ఫ్రేము. కెమెరాకూ రికార్డరుకూ ఒకే చిరునామాలు అందితే ఎడిటింగులో రెండూ వాటంతటవే పక్కపక్కన చేరతాయి. కెమెరాకు టైమ్‌కోడ్ సాకెట్టు లేకపోయినా ఈ కోడును గరగరమనే శబ్దంగా ఒక ఆడియో ట్రాకులోకి పంపవచ్చు, తర్వాత సాఫ్ట్‌వేర్ చదువుకుంటుంది.

మేము పొరబడ్డది ఇక్కడే. టైమ్‌కోడ్ 'ఎక్కడ' అన్నది చెబుతుంది, 'ఎంత వేగం' అన్నదాన్ని పట్టి ఉంచదు. ఉదయం ఒక్కసారి గడియారాలు కలుపుకున్న ఇద్దరు గుమాస్తాలు సాయంత్రానికి వేర్వేరు టైములకు సంతకాలు పెట్టినట్టే ఇది. అందుకే కెమెరాకు ఒకటి, రికార్డరుకు ఒకటి చిన్న టైమ్‌కోడ్ పెట్టెలు తగిలించి, చివరిదాకా కోడు అందుతూ ఉండేలా చూస్తారు. స్టూడియోల్లోనైతే యంత్రాలన్నిటికీ ఒకే గడియారపు సంకేతం వైరు మీద ఇస్తారు, అప్పుడు వేగమూ కలుస్తుంది. రెండింటిలోనూ ఫ్రేము రేటు ఒకటే పెట్టడం మరవకూడదు. ఫోను కెమెరా అయితే మరీ జాగ్రత్త, కొన్నిటిలో ఆ రేటు మధ్యమధ్యలో మారిపోతుంది.

మన సంఘం డబ్బుకు ఆ పెట్టెలు ఇప్పుడే అందవు. చప్పట్లు మాత్రం ఉచితం! కెమెరా ముందు మొదట ఒకటి, చివర ఒకటి కొడితే చాలు. మొదటిది ఎక్కడ కలపాలో చెబుతుంది, రెండోది ఎంత జారిందో చెబుతుంది. మాటలు గంట దాటేలా ఉంటే అరగంటకోసారి ఆపి మళ్లీ మొదలుపెట్టడం ఇంకా మేలు.

మామ్మగారి రికార్డింగులో చివర చప్పట్లు కొట్టలేదు. అయితే ఆవిడ మంచినీళ్లు తాగి స్టీలు గ్లాసును బల్ల మీద పెట్టారు. ఆ 'టక్' చప్పుడు బొమ్మలోనూ ఉంది, శబ్దంలోనూ ఉంది. దాన్నే రెండో గుర్తుగా పట్టుకుని ఆడియోను 8 ఫ్రేముల మేర కుదిస్తే మాట పెదవి మీదకు వచ్చేసింది.

ఈసారి కూర్చోబోయే పెద్దాయనకు ఆ చప్పట్లు ఎందుకో ముందే చెప్పాలి, లేకపోతే ఉపన్యాసం అయిపోయిందని లేచిపోతారు.