ఇంటినుండియే కళాశాల పాఠము – పోషకాహార విద్యలో పంచాయతీ పాత్ర

ఊరికి మంచినీరు తెప్పించుట, మురుగు కాలువలు బాగుచేయించుట, వీథి దీపములు వెలిగించుట పంచాయతీ పనులని అందరికిని తెలియును. ఊరిలోని తల్లులు, బిడ్డలు ఏమి తినుచున్నారను ప్రశ్న కూడ పంచాయతీదే యని తలచువారు మాత్రము తక్కువ. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు గలవు. ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు అభివృద్ధి వానిలోనివే. కావున ఈ ప్రశ్న మనది కాదని త్రోసివేయుటకు వీలులేదు.

ప్రశ్న ఎంత పెద్దదో రెండు అంకెలు చెప్పును. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57.6 మందికిని, ఆరు నెలలు దాటిన ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికిని రక్తహీనత కలదు. అంగన్‌వాడీ కేంద్రమునందు పదిమంది పిల్లలు కూర్చుండినచో వారిలో ఏడుగురి రక్తములో బలము చాలదన్నమాట.

ఆహారము అందించు పథకములు మనకు లేకపోలేదు. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనము, గ్రుడ్డు, పాలు పెట్టుచున్నారు. అయితే కేంద్రములో తినునది ఒక పూట. తక్కిన పూటలు ఇంటిలోనివి. ఇంటి వంటను మార్చగలది తెలివిడి ఒక్కటే. ఆ తెలివిడిని శాస్త్రబద్ధముగా నేర్చుకొన్నవారు ఊరికి ఒక్కరైనను ఉండవలెనని మా అభిప్రాయము.

బెల్లంపల్లినుండి చూచినచో

బెల్లంపల్లి సింగరేణి బొగ్గు గనులతో పెరిగిన పట్టణము. కాజీపేట–బల్లార్షా రైలుమార్గము మీద నున్నది. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరులో ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో ఇప్పుడు చేరియున్నది. చుట్టుప్రక్కల పల్లెలలో వరి, ప్రత్తి పండించు రైతులు, గనులలో పనిచేయువారు, అడవినానుకొని జీవించు గిరిజనులు గలరు.

ఇట్టి పల్లెలో ఇంటర్మీడియెటు ముగించి పెండ్లియైన యువతి గాని, పదేండ్లుగా పనిచేయుచున్న అంగన్‌వాడీ టీచరు గాని పోషకాహార శాస్త్రము చదువదలచినచో ఇదివరలో ఏమి చేయవలసివచ్చెడిది? హైదరాబాదువంటి నగరమునకు పోయి, అచ్చట నివాసముండి చదువవలెను. ఇల్లు, పిల్లలు, పొలము విడిచి పోవుట ఎందరికి సాధ్యము? కోరిక యున్నను దారి లేక ఆగిపోయిన వారే ఎక్కువ.

ఇప్పుడు దారి కలదు. దూరవిద్య మన రాష్ట్రమునకు క్రొత్త కాదు. దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మనవద్దనే స్థాపింపబడినది. అదియే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1985లో వచ్చినది. ఆహారము, పోషణ అను విషయమున ప్రారంభస్థాయి సర్టిఫికెటు చదువును ఈ సంస్థలు నడపినవి. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వము ‘స్వయం’ అను ఆన్‌లైన్ వేదికను ప్రారంభించినది. అందులో పాఠములు వినుటకు రుసుము లేదు. సర్టిఫికెటు కావలెనన్నచో రుసుము చెల్లించి, నిర్ణీత కేంద్రమునకు పోయి పరీక్ష వ్రాయవలెను.

పాఠము నడచు తీరు

‘స్వయం’ పాఠమునకు నాలుగు అంగములు గలవు. మొదటిది అధ్యాపకుని ఉపన్యాసము. దానిని ఫోనులో ఎన్నిసార్లయినను చూడవచ్చును. రెండవది చదువుకొనుటకు వ్రాతప్రతి. మూడవది తన్ను తాను పరీక్షించుకొను ప్రశ్నలు. నాలుగవది అనుమానములను అడుగు చర్చావేదిక. పగలు పనిలో నున్నవారు రాత్రి పిల్లలు నిద్రించిన పిదప ఒక గంట వినవచ్చును. అర్థము కానిచో మరల వినవచ్చును. తరగతి గదిలో లేని సౌకర్యమిది.

అందు ఏమి నేర్పుదురు? పిండిపదార్థములు, మాంసకృత్తులు, క్రొవ్వులు, విటమినులు, ఖనిజ లవణములు, నీరు – వీని పని ఏమి, ఎవరికెంత కావలెను, ఏ ఆహారమున ఎంత గలదు అను విషయములు. ఒక గ్రాము పిండిపదార్థము గాని మాంసకృత్తులు గాని 4 కేలరీల శక్తి నిచ్చును. గ్రాము క్రొవ్వు 9 కేలరీల నిచ్చును. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కలో, 65 కిలోల బరువుగల పురుషుడు కూర్చుండి పనిచేయువాడైనచో దినమునకు 2,110 కేలరీలు చాలును. బరువైన శ్రమ చేయువాడైనచో 3,470 కావలెను. గనిలో కష్టించు కార్మికునకును, కార్యాలయములో కూర్చుండు గుమాస్తాకును ఒకే విస్తరి చాలదని దీనివలన తెలియును. అట్లే గర్భిణికి దినమునకు 350 కేలరీలు అదనముగా కావలెను. ‘కడుపులో బిడ్డ పెరుగును, కాన్పు కష్టమగును, తక్కువ తినుము’ అని పెద్దలు చెప్పుమాట ఎంత హాని చేయునో ఈ ఒక్క అంకె తెలుపును.

ఈ శాస్త్రము ఎక్కడనో పుట్టి మనపై వచ్చి పడినది కాదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగముగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. జొన్నయే ముఖ్యాహారముగా గల బీదలలో కనబడిన పెల్లాగ్రా అను వ్యాధిని గూర్చి డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా 1960లో పరిశోధన ప్రకటించినది ఈ నగరమునుండియే. జొన్న చెడ్డదని దీని భావము కాదు. ఏ ధాన్యమైనను ఒంటరిగా చాలదు. ప్రక్కన పప్పు, ఆకుకూర, పాలు, గ్రుడ్డు చేరవలెనని భావము. రక్తవృద్ధికి అవసరమైన ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన పరిశోధక బృందమునకు నాయకుడు మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు.

పాఠము వంటింటికి వచ్చినప్పుడు

నేర్చినది ఊరికి ఎట్లుపకరించును? పప్పు, ఆకుకూరలలోని ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. అన్నముతోబాటు నిమ్మకాయ, ఉసిరి, జామ వంటి పండ్లు తినినచో ఎక్కువగా పట్టును. అన్నము తినిన వెంటనే చాయ్ త్రాగినచో తక్కువగా పట్టును. జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిని, చాయ్‌ను ఒక గంట తరువాత త్రాగుమని చెప్పుటకు పైసా ఖర్చు లేదు. చెప్పువారికి కారణము తెలిసినప్పుడే వినువారికి నమ్మకము కలుగును.

మరియొక సంగతి ఉత్తర తెలంగాణమునకు ముఖ్యమైనది. ఇచ్చటి గిరిజనులలో సికిల్‌సెల్ అను పుట్టుకతో వచ్చు రక్తవ్యాధి కలదు. దానివలన కలుగు రక్తహీనత ఆహారముచేత గాని, ఇనుము మాత్రలచేత గాని పోవునది కాదు. దీని నిర్మూలనకై 2023 జూలై 1న జాతీయ కార్యక్రమము ప్రారంభమైనది. కావున పాలిపోయిన ప్రతి బిడ్డకును ఒకే కారణమని తలపక రక్తపరీక్ష చేయింపవలెను. పోషకాహారము చదివినవారు తమ విద్యకు గల ఎల్లను కూడ ఎరుగుదురు. ఎప్పుడు వైద్యునివద్దకు పంపవలెనో వారికి తెలియును. ఫోనులో ఎవరో చెప్పిన చిట్కాలను నమ్మి పసిబిడ్డలకు పెట్టు కాలమున ఈ వివేకము మిక్కిలి అవసరము.

అడ్డంకులు, వానికి ఉపాయములు

కష్టములను దాచుట మా ఉద్దేశము కాదు. ఆన్‌లైన్ పాఠములలో చాలభాగము ఆంగ్లమున నడచును. ఇంటిలో ఒకటే ఫోను ఉన్నచో అది భర్తచేతనో కుమారునిచేతనో ఉండును. అడవి పల్లెలలో సిగ్నలు అందదు. ‘ఈ వయసులో చదువెందుకు?’ అను మాట అన్నింటికంటె పెద్ద అడ్డంకి. చేరినవారు నడుమ మానివేయుటకు ఇవియే కారణములు. పంచాయతీ తలచుకొన్నచో వీనిలో అనేకములను తొలగింపవచ్చును.

మొదటిది: పంచాయతీ కార్యాలయమునకు ఇంటర్‌నెట్ ఉన్నచో, సాయంకాలము ఒక గంట ఒక గదిని చదువుకొను స్త్రీలకు విడువవలెను.

రెండవది: ఒంటరిగా గాక ఇద్దరు ముగ్గురిని కలిపి చేర్పింపవలెను. ఆంగ్లము కొంత వచ్చిన కళాశాల విద్యార్థినిని తోడుంచినచో కఠిన పదములకు తెలుగు వ్రాసుకొని ముందునకు సాగుదురు.

మూడవది: చేరుటకు ముందే ఆ సంస్థకు ప్రభుత్వ గుర్తింపు గలదో లేదో, ఆ సంవత్సరము ఆ చదువు నడచుచున్నదో లేదో, ఏ భాషలో నడచునో, రుసుమెంతో, పరీక్షా కేంద్రమెచ్చటనో విచారింపవలెను. వారములో సర్టిఫికెటు ఇత్తుమను ప్రకటనలను నమ్మరాదు.

నాలుగవది: చదివినవారికి పని చూపవలెను. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార దినమున పదినిమిషములు వారిచేత చెప్పింపవలెను. గ్రామసభలో పిల్లల బరువుల లెక్కను వారిచేత వివరింపజేయవలెను.

ప్రారంభస్థాయి పాఠము ముగించినంతనే ఎవరును వైద్యులు గాని, ఆహార నిపుణులు గాని కారు. ఈ చదువు ఉద్యోగమును తప్పక ఇచ్చునని చెప్పుటయు సరికాదు. అయినను, తన బిడ్డ ఎందుకు బరువు పెరుగుటలేదో తెలిసికొన్న తల్లి పొరుగింటి తల్లికి చెప్పకమానదు. అట్లు ఒక దీపముచేత మరియొక దీపము వెలుగును.

సర్పంచులకు, వార్డు సభ్యులకు మా మనవి ఇంతే. మీ ఊరిలో చదువు మధ్యలో నిలిచిపోయిన ఆడపడుచు ఒకతె తప్పక ఉండును. ఆమె ఇంటికి పోయి, ఇంటి పెద్దల యెదుట, ‘అమ్మా, నీ చదువు మన ఊరికి కావలసియున్నది’ అని చెప్పుడు. పెద్దమనుషుల నోట వచ్చిన ఆ ఒక్క మాటతో ఆమెచేతికి ఫోను వచ్చును. చదువుకొనుటకు సాయంకాలము ఒక గంట దొరకును. తక్కిన శ్రమ ఆమె పడును. ఫలము మాత్రము ఊరంతటిదగును.