వేడికి కళ్లెం: సోల్డరింగ్ స్టేషన్ కథ

సోల్డరింగ్ స్టేషన్ పని టంకం కరిగించే బిట్ కొనను అనుకున్న వేడి దగ్గర నిలిపి ఉంచడం. వేడెక్కించడం పాత విద్యే. రేకు పనివాళ్లు రాగి దిమ్మను బొగ్గుల్లో కాల్చి టంకం వేసేవారు. 1921లో జర్మనీకి చెందిన ఎర్న్‌స్ట్ జాక్స్ కరెంటుతో కాగే ఐరన్‌కు పేటెంటు కోరి, దాన్ని ఫ్యాక్టరీ సరుకుగా మార్చాడు. బొగ్గులు పోయాయి గానీ వేడికి అదుపు రాలేదు. ప్లగ్గు పెట్టి వదిలేస్తే బిట్ కాగిపోతూనే ఉంటుంది; బోర్డు మీద రాగి వెడల్పుగా పరిచిన చోట ఆనిస్తే చప్పున చల్లారుతుంది.

అదుపు తెచ్చిన తొలి ఉపాయాల్లో అమెరికాలోని వెల్లర్ కంపెనీది ముచ్చటైనది. ఇనుము జాతి లోహాలు ఒక నిర్దిష్టమైన వేడి దాటగానే అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తాయి. దాన్నే క్యూరీ బిందువు అంటారు. వెల్లర్ బిట్ వెనుక అలాంటి మిశ్రలోహపు బిళ్ల ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది అయస్కాంతాన్ని లాగి స్విచ్ మూస్తుంది. బిందువు దాటగానే స్ప్రింగ్ అయస్కాంతాన్ని వెనక్కి గుంజి కరెంటు తెంపుతుంది. బిట్ మీద 7 అని ఉంటే 700 ఫారెన్‌హీట్, అంటే సుమారు 370 డిగ్రీల సెల్సియస్. వేడి మార్చాలంటే బిట్ మార్చాల్సిందే. 1980లలో మెట్కాల్ కంపెనీ ఇదే సూత్రాన్ని స్విచ్ లేకుండా, రేడియో తరంగాల పౌనఃపున్యంతో అటూ ఇటూ మారే కరెంటుతో సాధించింది.

ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి వేడిని కొలిచే సెన్సార్ ఉన్న రకాలు. పాత పద్ధతిలో హీటర్ వేరు, దాని మీద తొడిగే బిట్ వేరు. మధ్య సందులో వేడి కొంత ఆగిపోతుంది. కార్ట్రిడ్జ్ రకంలో హీటరూ సెన్సారూ బిట్‌లోనే ఇమిడి ఉంటాయి, కాబట్టి చల్లారిన కొన వెంటనే తేరుకుంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది ఈ తేరుకునే గుణాన్నే. తెర మీది అంకె కాదు. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న టంకం వైరు 183 డిగ్రీలకే కరుగుతుంది. 320–350 దగ్గర నిలబడే స్టేషన్ ఉంటే 450 దాకా వెళ్లే అవసరం అరుదు. సీసం లేని వైరు కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి.

బిట్లు దగ్గర్లో దొరకని స్టేషన్ ఎంత మంచిదైనా కొనదగ్గది కాదు. సూది మొన కంటే ఉలి మొన బిట్ ఎక్కువ పనులకు పనికొస్తుంది, వేడిని బాగా అందిస్తుంది. రాగి తగరంలో కరిగిపోకుండా బిట్‌కు ఇనుప పూత వేస్తారు; పాత అలవాటుతో ఆకురాయి పెట్టి రుద్దితే ఆ పూత పోయి బిట్ పాడవుతుంది.

అనంతపురం జిల్లా గుత్తిలాంటి చోట ఈ లెక్కకు మరి కొన్ని కలుస్తాయి. బోరు మోటార్లు ఒక్కసారిగా నడిస్తే వోల్టేజి పడిపోతుంది. మామూలు ఐరన్ వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది: 230 వోల్టులకు 25 వాట్లిచ్చేది 180 వద్ద 15 వాట్లే ఇస్తుంది. సెన్సార్ స్టేషన్‌కు శక్తి మిగులు ఉంటుంది కాబట్టి ఈ తగ్గుదలను సర్దుకుంటుంది. ఈ ఊళ్లో 60, 70 వాట్ల స్టేషన్ ఆడంబరమేమీ కాదు.

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. పొడిగాలిలో ఒంటి మీద స్థిర విద్యుత్తు సులువుగా పేరుకుంటుంది. సుమారు 3,000 వోల్టులు దాటితే గాని చేతికి చురుకు తెలియదు. కొన్ని చిప్పులు 100 వోల్టులకే దెబ్బతింటాయి. అందుకే బిట్‌ను ఎర్త్‌కు కలిపిన స్టేషన్, మణికట్టుకు ఎర్త్ పట్టీ అవసరం. అయితే మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. తడి ఆరిన నేలకు విద్యుత్ నిరోధం బాగా పెరుగుతుంది. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంతకు ఎండాకాలంలో నీళ్లు పోయకపోతే పిన్ను పేరుకే మిగులుతుంది. స్టేషన్ ప్లగ్గు తీసేసి, బిట్ కొనకూ ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ మధ్య మల్టీమీటర్ పెడితే 2 ఓమ్‌ల లోపే చూపాలి. అది స్టేషన్ లోపలి తీగ సంగతి మాత్రమే చెబుతుంది. గుంత సంగతి తేలాలంటే ఎర్త్ టెస్టర్‌తో వేరుగా, అదీ వేసవిలో, కొలవాలి.