కంప్యూటర్‌కి కొత్త డిస్కు... పాత సంసారం చెదరకుండా!

ఇల్లు మారేటప్పుడు సామానంతా చేరవేసి, పొయ్యి ఒక్కటి మర్చిపోతే ఆ పూట అందరూ పస్తే! కంప్యూటర్‌కి హార్డ్ డిస్కు మార్చడమూ అంతే.

కామవరపుకోటలో మా పక్కింటి పిన్నిగారి కంప్యూటర్ ఆన్ చేసి, కాఫీ కలుపుకుని తాగేసినా తెర మీద ఇంకా చక్రం తిరుగుతూనే ఉండేది. పాత హార్డ్ డిస్కులో పళ్ళేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటే, ఓ సన్నని చెయ్యి సమాచారాన్ని వెతుక్కోవాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలే ఉండవు. అందుకే దానికంత వేగం.

వాళ్ళబ్బాయి ఎస్.ఎస్.డి. కొని, పాతదాంట్లోని ఫోల్డర్లన్నీ కాపీ చేసి బిగించాడు. కంప్యూటర్ మొరాయించింది.

"అన్నీ వేశావుగదరా, ఇంకేం తక్కువైంది?" పిన్నిగారికి గుండె గుభేలుమంది. పోయిన బాబాయిగారి ఫొటోలన్నీ అందులోనే మరి!

తక్కువైంది పొయ్యే! స్విచ్ వేయగానే విండోస్‌ని నిద్రలేపే చిన్న భాగం డిస్కులో విడిగా, కంటికి కనపడకుండా ఉంటుంది. మామూలు కాపీలో అది రాదు. డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు దించాలి. దీన్నే 'క్లోనింగ్' అంటారు. క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇందుకున్నాయి.

మీ ఇంట్లోనూ ఈ పని పెట్టుకుంటే ఇవి గుర్తుంచుకోండి:

* ముందు ఫొటోలు, లెక్కలు వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి. పాత డిస్కు టకటకమంటుంటే ఇంకేదీ చేయకుండా మొదట ఈ పనే చూడండి.

* కొత్త డిస్కు పాతదానంత, లేదా అంతకన్నా పెద్దది ఉంటే చిక్కుండదు.

* ఏది పాతది, ఏది కొత్తది అన్నది రెండుసార్లు సరిచూడండి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండుదాన్ని తుడిచేస్తుంది!

* మధ్యలో కరెంటు పోకూడదు. యు.పి.ఎస్. ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీయకండి.

* అయ్యాక పాతది తీసి, కొత్తదానితోనే ఆన్ చేయండి. నెల రోజులు పాతదాన్ని చెరపకండి.

ఒక్క మాట. క్లోనింగ్‌తో వచ్చేది పాత విండోసే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. డిస్కు మార్చినంత మాత్రాన అది కొత్తదైపోదు.

రెండోసారి క్లోనింగ్ చేశాక పిన్నిగారి కంప్యూటర్ గబుక్కున తెరుచుకుంది. తెర మీద ఎప్పటి బొమ్మే! గుంటుపల్లి గుహల దగ్గర మెట్ల మీద నిలబడి నవ్వుతున్న బాబాయిగారు. పిన్నిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ముందు ఆ పెన్‌డ్రైవ్ ఇలా ఇవ్వరా, బీరువాలో పెడతాను" అన్నారు.