ఊరికే ఇచ్చి కోట్లు గడించిన ఎర్ర టోపీ

ఆత్మకూరులో నెల్లూరు బస్సెక్కి, అక్కణ్నుంచి రాత్రి బండికి హైదరాబాద్ చేరి, పొద్దున్నే బ్యాగుతో అమీర్‌పేటలో దిగే బీటెక్ కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనూ అలా దిగినవాణ్నే. నాన్న అప్పు తెచ్చి ఇచ్చిన డబ్బుతో ఓ చోట లైనక్స్ కోర్సులో చేరా. మూడు నెలలు నోట్సు నిండా కమాండ్లు రాసుకున్నా. మొదటి ఇంటర్వ్యూలో సర్వర్ ముందు కూర్చోబెట్టి, ‘వెబ్‌పేజీ తెరుచుకోవట్లేదు, సరిచేయండి’ అన్నారు. కమాండ్లన్నీ గుర్తున్నాయి. ముందు లాగ్ ఫైలు తెరిచి చూడాలన్న సంగతే తోచలేదు!

నేను నేర్చుకోవాలనుకున్న ఆ లైనక్స్‌ను తయారుచేసే కంపెనీ చరిత్ర ముందే తెలిసుంటే, ఆ అప్పు అంత తొందరగా చేసేవాళ్లం కాదు.

టోపీ కథ

అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చదివేటప్పుడు మార్క్ యూయింగ్ తాతగారిచ్చిన ఎర్ర టోపీ పెట్టుకునేవాడు. కంప్యూటర్ సమస్య వస్తే తోటివాళ్లు ఆ టోపీ అబ్బాయినే వెతుక్కునేవారు. 1994లో ఆయన తెచ్చిన లైనక్స్‌కు ఆ పేరే స్థిరపడింది. లైనక్స్ సీడీలు అమ్మే వ్యాపారి బాబ్ యంగ్ 1995లో ఆయనతో చేతులు కలిపాడు. అలా పుట్టిందే రెడ్ హ్యాట్ కంపెనీ.

ఎవరైనా కాపీ చేసుకోగల సరుకును అమ్మడం ఎలా? సీడీల అమ్మకం ఎంతో దూరం తీసుకెళ్లదని కంపెనీకి అర్థమైంది. 2003లో రెడ్ హ్యాట్ లైనక్స్‌ను 9వ వెర్షన్‌తో ఆపేసింది. అందరికీ ఉచితంగా ఫెడోరా, కంపెనీలకు ఏడాది చందాతో ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ మిగిలాయి. చందా దేనికంటే సెక్యూరిటీ సవరణలకు, ఏళ్ల తరబడి సపోర్టుకు. మన పొలాల్లో బోరు నీళ్లకు డబ్బు కట్టం. కానీ నాట్ల వేళ మోటారు కాలిపోతే పరుగున వచ్చే మెకానిక్‌కు ఎంతైనా ఇస్తాం కదా, ఇదీ అంతే. 2012 నాటికి ఏడాది ఆదాయం వంద కోట్ల డాలర్లు దాటింది. 2019లో ఐబీఎం ఈ కంపెనీని సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొనేసింది.

పనిముట్ల వరస

ఒకప్పుడు లైనక్స్‌లో ప్రోగ్రామ్ పెట్టాలంటే కోడ్ తెచ్చి కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది. ఆ బాధను ఆర్‌పీఎం ప్యాకేజీలు తగ్గించాయి. ఒక ప్యాకేజీకి ఇంకోటి కావాలి, దానికి మరోటి. ఆ చిక్కును యమ్ విప్పింది. ఇప్పుడు దాని స్థానంలో డీఎన్‌ఎఫ్ ఉంది. 2010లో మొదలైన సిస్టమ్‌డీ సర్వీసుల్ని నడిపిస్తుంది. 2015లో కంపెనీ కొన్న యాన్సిబుల్‌తో ఒక్క ఫైలు రాసి వందల సర్వర్లను సరిచేయొచ్చు.

అన్నీ మెచ్చుకోళ్లే కాదు. విద్యార్థులు ఎక్కువగా వాడిన సెంట్‌ఓఎస్ లైనక్స్ 8ని 2021 చివర ఆపేస్తామని ప్రకటించినప్పుడు చాలామంది కోప్పడ్డారు. కోడ్ స్వేచ్ఛగా దొరికేదే కాబట్టి రాకీ, ఆల్మా లైనక్స్‌లు వెంటనే పుట్టుకొచ్చాయి. నేర్చుకునేవాడి దారి మూసుకుపోలేదు.

మీరేం చేయాలి?

* పాత ల్యాప్‌టాప్ అయినా సరే, ఫెడోరా గానీ ఆల్మా గానీ ఎక్కించండి. రూపాయి ఖర్చుండదు.
* డెవలపర్ చందా కూడా ఉచితమే. పేరు నమోదు చేసుకుంటే అసలు ఎంటర్‌ప్రైజ్ లైనక్సే దొరుకుతుంది.
* ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో ఆప్షన్లు టిక్ పెట్టడం ఉండదు. నిజమైన మెషీన్‌పై పనిచేసి చూపాలి. 300కి 210 వస్తే పాస్. ఇంటర్నెట్ ఉండదు, మ్యాన్ పేజీలే దిక్కు. వాటిని చదవడం ఇప్పుడే అలవాటు చేసుకోండి.
* రోజుకో సర్వీసును మీరే చెడగొట్టి, లాగ్‌లు చూసి మీరే బాగుచేయండి.

అమీర్‌పేట వెళ్లొద్దని చెప్పను. కానీ ముందు ఇంట్లోనే రెండు నెలలు ఇలా కష్టపడండి. ఆ తర్వాత కూడా కోచింగ్ కావాలనిపిస్తే, దేనికోసం డబ్బు కడుతున్నారో మీకు స్పష్టంగా తెలుస్తుంది. నాకు ఆ రోజు తెలియలేదు.