మీటరులోని గళ్ళు

ఎనుమాముల మార్కెట్టుకు పత్తి రావడం మొదలు కాగానే వరంగల్లు చుట్టుపట్ల జిన్నింగు మిల్లులలో మోటార్లు తిరగసాగుతాయి. అట్టి మిల్లులో రెండు తరగతుల విద్యుత్ మీటర్లు ఉండవచ్చును. బిల్లుకు ఆధారమైన మీటరు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది. దానికి సీలు ఉంటుంది, ఇతరులు ముట్టరాదు. ఏ యంత్రం ఎంత విద్యుత్తు వాడుతున్నదో తెలుసుకొనుటకు యజమాని స్వంతంగా అమర్చుకొనే డిజిటల్ మీటర్లు రెండవ తరగతివి. ఇక్కడ చెప్పబోయేది వీటిని గురించియే.

పాత మీటరులో అల్యూమినియం బిళ్ళ తిరిగేది. డిజిటల్ మీటరులో తిరిగే భాగమంటూ లేదు. అది వోల్టేజిని, కరెంటును సెకనుకు అనేకమార్లు కొలిచి, లెక్కకట్టి, ఫలితాలను వరుస గళ్ళలో దాచుతుంది. ఈ గళ్ళకే రిజిస్టర్లని పేరు. కొన్ని చదువుటకు మాత్రమే. మరికొన్నింటిలో మనము వ్రాయవచ్చును.

దూరాన ఉన్న కంప్యూటరు ఈ గళ్ళను చదువవలెనంటే ఇద్దరికీ ఒకే భాష కావాలి గదా! 1979లో పుట్టిన మోడ్‌బస్ అట్టి భాష. రెండు తీగల వరుసపై అనేక మీటర్లను కలుపవచ్చును. ఒక్కొక్క దానికి 1 నుండి 247 లోపల వేర్వేరు చిరునామా ఉండవలె. రెండింటికి ఒకే చిరునామా ఇచ్చిన, రెండూ ఒక్కసారే జవాబు చెప్పి, ఏదీ అర్థం కాదు. వేగము, పారిటీ మాత్రం అన్నింటికి ఒక్కటే కావలె. ఒక మీటరు వేగాన్ని 9,600 నుండి 19,200కు మార్చి కంప్యూటరును మార్చకున్న, ఆ మీటరు మూగవోయినట్లే కనిపిస్తుంది. అది చెడిపోలేదు, మాట కలియలేదు, అంతే.

ఒక గడిలో 65,535కు మించిన సంఖ్య పట్టదు. కనుక పెద్ద సంఖ్యను రెండు గళ్ళలో ఉంచుతారు. 70,000 యూనిట్లయితే పై గడిలో 1, క్రింది గడిలో 4,464 ఉంటాయి. 65,536కు 4,464 కలిపిన 70,000. గళ్ళను తారుమారుగా చదివితే 29,25,52,705 వస్తుంది! వింత సంఖ్య కనిపించినప్పుడు మొదట ఈ వరుసను చూడవలె.

ఇక రీసెట్ గడి. 30 నిమిషాల సగటు వాడకాలలో అన్నిటికంటె పెద్దదానిని మీటరు గరిష్ఠ డిమాండుగా గుర్తుంచుకొంటుంది. మోటారు 10 నిమిషాలు 100 కిలోవాట్లు, తరువాత 20 నిమిషాలు 40 కిలోవాట్లు తీసుకొన్న, సగటు 60 మాత్రమే. నెల మారగానే ఈ గుర్తును చెరిపి కొత్తగా మొదలుపెట్టాలి. అందుకు తయారీదారుడు చెప్పిన గడిలో, చెప్పిన సంఖ్యనే వ్రాయాలి. సంఖ్య మారిన, కొన్ని మీటర్లలో డిమాండుకు బదులు మొత్తం యూనిట్లే చెరుగుతాయి. అప్పుడు ఏ యంత్రానికి ఎంత ఖర్చయినదో చెప్పే లెక్క పోయినట్లే. దానిని తిరిగి తెచ్చుకొనే దారి లేదు.

చిరునామా 0 మరింత ప్రమాదం. అది ఊరంతటికి వేసే చాటింపు వంటిది. ఆ పేరిట పంపిన ఆజ్ఞను వరుసలోని మీటర్లన్నీ పాటిస్తాయి. ఏ ఒక్కటీ జవాబు చెప్పదు.

కాబట్టి ముందుగా రీడింగులన్నీ పుస్తకంలో వ్రాసుకొనవలె. ఒక్క మీటరునే పిలిచి, చిరునామా సరిచూచి, అటుపైన వ్రాయవలె. వ్రాసిన గడిని, వీలున్నచోట, మరల చదివి చూడవలె. చివరకు రహస్య సంకేతంతో తాళం వేయవలె. ఈ పనికి పట్టేది పది నిమిషాలు. దానితో నిలిచేది ఋతువంతటి లెక్క.